మా వంతు విమానం

నారాయణఖేడ్,
స్వభాను సంవత్సరం, కార్తిక శుద్ధ దశమి.

హైదరాబాదు నగరంలోని యుద్ధ వార్తల దఫ్తరు, తెలుగు విభాగం పెద్దలకు,

నారాయణఖేడ్ నివాసి, వ్యవసాయదారుడు మొగులప్ప దండాలు పెట్టి వ్రాసుకొనే సంగతులు.

పోయిన ఏడు యుద్ధానికి సాయం చేయుమని మా తాలూకాలో దండోరా వేసినప్పుడు, ఇంటింటికీ తిరిగి జొన్నలు పోగుచేసే పని నాకు అప్పగించారు. నేను చదువుకొన్నవాణ్ణని కాదు. బడి మొహం చూసినవాణ్ణి కాను. సంతలో బెల్లం కట్టి ఇచ్చిన కాయితాలు చదివి అక్షరాలు నేర్చుకొన్నాను. ఇప్పుడు నలభై అయిదో ఏడు నడుస్తున్నది. ఏ పని చేసినా దానికొక పట్టిక వ్రాసిపెట్టుకోవడం మాత్రం చిన్ననాటి అలవాటు. ఆ అలవాటునే మా ఊరివారు చదువనుకొన్నారు.

మనూర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద దాకా పోయి, "మన సంస్థానం పేరు పెట్టుకొన్న విమాన దళం ఒకటి ఉన్నది, మీ జొన్నలు దానికే చేరుతాయి" అని చెప్పి అడిగాను. కాదనకుండా ఇచ్చారు. ఇప్పుడు కొంచెం తీరిక దొరికినందున అందరూ నా అరుగు మీద చేరి, ఆ దళం సంగతి ఏమిటో చెప్పుమంటున్నారు.

మా వైపు ఒక పద్ధతి ఉన్నది. నాలుగు ఇండ్లవారు పొత్తులో ఒక ఎద్దును కొంటే, దాని చరిత్ర నాలుగు ఇండ్లకూ తెలియాలి. ఏ సంతలో దొరికింది, తల్లి ఎటువంటిది, సుడులు ఎక్కడ ఉన్నాయి, ఎవరి చేలో దున్నింది, ఎవరి చేలో పడుకొన్నది, అన్నీ చెప్పాలి. చెప్పకపోతే పొత్తు చెడుతుంది. తరువాత ఎద్దు వంతు ప్రకారం ఒక్కొక్క ఇంటికి వస్తుంది. విమానం ఎద్దు కాదని నాకు తెలుసు. ఆ మాటే అరుగు మీద కూడా అన్నాను. మా వీధి కిష్టప్ప, "ఎద్దు కాకపోతే ఏందన్నా, జొన్నలు తిన్నది గదా!" అన్నాడు. ఆ మాట కూడా వ్రాసిపెట్టుకొన్నాను.

కావున ఈ కింది సంగతులు తెలుపగలరు. మొదటిది, దళం ఎప్పుడు, ఎక్కడ పుట్టినది. రెండవది, ఇంతవరకు ఏయే పనులు చేసినది. మూడవది, దానికి తన్నే గుణం ఉన్నదా. నాలుగవది, ఇప్పుడు ఎక్కడ ఉన్నది. అయిదవది, నారాయణఖేడ్ వంతు ఎప్పుడు. మూడవదీ అయిదవదీ నావి కావు. అడిగినవారు నా భుజం మీదుగా తొంగి చూస్తున్నందున వదిలిపెట్టలేకపోయాను.

ఇట్లు,
మొగులప్ప

మరచిన సంగతి: వంతు వచ్చిన రోజు దానికి మేత ఎవరింటిదని మా ఎదురింటి ముసలమ్మ కాశమ్మ అడుగుతున్నది. అది పెట్రోలు తాగుతుందని చెప్పాను. "గది మా ఇంట్ల లేదు. గట్క ఉన్నది. తాగితే తాగుతది, లేకుంటే లేదు" అన్నది.



యుద్ధ వార్తల దఫ్తరు, తెలుగు విభాగం,
హైదరాబాదు.
కార్తిక బహుళ చవితి.

శ్రీ మొగులప్ప గారికి,

తమరి ఉత్తరం చేరినది. ఈ విభాగం తెరిచిన నాటి నుండి ప్రజల వద్ద నుంచి వచ్చిన మొదటి ఉత్తరం తమరిదే. దానిని మా పై అధికారి గారు రెండుసార్లు చదివించుకొని విన్నారు. ఆయనకు తెలుగు రాదు, అయినను సంతోషించారు.

తమరు అడిగిన సంగతులకు జవాబులు. దళం క్రీస్తు శకం 1917లో ఇంగ్లండులో పుట్టినది. పోయిన మహాయుద్ధంలో మన సంస్థానం తరఫున దానికి విమానాలు కానుకగా అందినవి. ఒక్కొక్క విమానం మీద ఆ సంగతి వ్రాసి ఉండెను. మరుసటి ఏడు ఫ్రాన్సుకు పోయి, అక్కడి నుండి పట్టపగలు జర్మనీ మీదికి ఎగిరినది. పోయినవాటిలో చాలా విమానాలు తిరిగి రాలేదు. యుద్ధం ముగిసిన తరువాత 1919లో దళాన్ని రద్దు చేశారు. 1937లో మరల నిలిపారు. ఈ యుద్ధం ప్రకటించిన మరునాడే శత్రువుల ఓడల మీదికి పోయిన వారిలో ఈ దళం వారు ఉన్నారు. తరువాత హిందుస్తానానికి వచ్చినది.

తన్నే గుణం గురించి దఫ్తరులో కాయితం ఏదీ లేదు. ప్రస్తుతం ఎక్కడ ఉన్నదో చెప్పుట యుద్ధ చట్టం కింద నేరం. ఎక్కడ లేదో చెప్పుట కూడా నేరమే.

ఇక తమరి అయిదవ సంగతి. దళం నారాయణఖేడ్‌కు రావాలని తమరు తాలూకా ప్రజల పక్షాన చేసిన విన్నపాన్ని గట్టిగా బలపరచి పైకి పంపించాము. విమానాలు దిగుటకు తగిన చదును నేల తమ వైపు ఎక్కడెక్కడ ఉన్నదో, ఒక్కొక్కదాని మంచిచెడ్డలతో పట్టిక వ్రాసి పంపవలెను.

ఇట్లు,
గిద్యోను
గుమాస్తా

అదనపు మాట: మేత విషయం మా వద్ద పరిశీలనలో ఉన్నది. గట్క అనగా ఏమిటో పై అధికారి గారికి వివరించుటకు ఒక వాక్యం వ్రాయగలరు.



నారాయణఖేడ్,
కార్తిక బహుళ ఏకాదశి.

దఫ్తరు గుమాస్తా గిద్యోను గారికి నమస్కారాలతో మొగులప్ప వ్రాయునది.

మీరు పంపిన చరిత్రను అరుగు మీద చదివి వినిపించాను. చాలా విమానాలు తిరిగి రాలేదన్న చోట కిష్టప్ప తల రుమాలు తీసి ఒడిలో పెట్టుకొన్నాడు. దళాన్ని రద్దు చేసి పద్దెనిమిది ఏండ్ల తరువాత మళ్లీ నిలిపిన భాగం దగ్గర మాత్రం గొడవ లేచింది. "గన్నేండ్లు ఊకెనే కూసున్నదా? మరి ఎవలు మేపిన్రు? మనల్ని జొన్నలు అడిగింది గా బాకీకేనా?" అని కాశమ్మ నిలదీసింది. మీ తరఫున ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాను. ఏం చెప్పానో ఇక్కడ వ్రాయను.

మేము దళాన్ని రమ్మని విన్నపం చేయలేదు. పొత్తు పద్ధతి ప్రకారం వంతు ఎప్పుడని మాత్రమే అడిగాము. అయినా మీరు పట్టిక అడిగారు. పట్టిక అడిగినవారికి ఇవ్వకుండా ఉండడం నా వల్ల అయ్యే పని కాదు. మూడు రోజులు తిరిగి చూసి వ్రాస్తున్నాను.

మనూర్ వైపు నల్లరేగడి. ఎండితే మేక కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతాయి. సిర్గాపూర్ బయలు చూడడానికి చదునే, కానీ గడ్డి కింద అంతా రాళ్లు. అక్కడ బండి ఇరుసు విరగని ఇల్లు లేదు. నాగల్‌గిద్ద వైపు ఒక మంచి మైదానం ఉన్నది. అయితే అది పడమటికి వాలి ఉన్నది, పైగా దాని సగం ఎవరిదో తేలలేదు. ఒకడు తెలుగులో తిడితే ఇంకొకడు కన్నడంలో తిడుతున్నాడు. ఇక, పట్టిక పూర్తి కావాలి గనుక వ్రాస్తున్నాను, నారాయణఖేడ్ ఊరి బయట నా సొంత చేను ఉన్నది. పొడుగు, వెడల్పు, చదును అన్నీ ఉన్నాయి. మా నాయన, ఆయన తరువాత నేను ఏరి పారవేసినందున అందులో పిడికెడు రాయి లేదు. చెట్టు లేదు, గుంట లేదు. కానీ దానిలో జొన్న వేసి ఉన్నది. కావున దానిని లెక్కలోకి తీసుకోవద్దు.

గట్క అనగా జొన్నలు విసిరి, నీళ్లలో ఉడికించి, ఇంత ఉప్పు వేసి తాగేది.

ఇట్లు,
మొగులప్ప

మరచిన సంగతి: ఈ పట్టికను నా భార్య మణెమ్మకు చదివి వినిపించాను. "ఊరందరి భూముల ఎంకలు రాసినవు, మన దాంట్ల ఒక్క ఎంక దొరకలేదా నీకు?" అన్నది. అబద్ధం వ్రాస్తే అది పట్టిక కాదన్నాను. ఆమె మూకుడు కొంచెం గట్టిగా దించింది.



యుద్ధ వార్తల దఫ్తరు, తెలుగు విభాగం,
హైదరాబాదు.
మార్గశిర శుద్ధ షష్ఠి.

శ్రీ మొగులప్ప గారికి శుభవార్త.

తమరి పట్టికను మించిన పట్టిక ఈ దఫ్తరులో ఇంతవరకు ఎవరూ చూడలేదు. దానిని ఉర్దూలోకి మార్చి, తక్కిన తాలూకాలకు నమూనాగా పంపుతున్నాము. నాలుగు స్థలాలనూ తూచి చూసిన పిమ్మట పై అధికారి గారు తమరి సొంత చేనును విమాన మైదానంగా ఎంపిక చేశారు. ఒక రైతు తన భూమిని తానే పట్టికలో చేర్చి పంపుటను చూసి ఆయన కండ్లు చెమర్చినవి.

నేటి నుండి ఆ భూమి సైన్యం కింద ఉన్నట్లు భావించవలెను. షరతులు ఏమనగా: అనుమతి కాయితం లేకుండా ఎవరూ అందులో అడుగు పెట్టరాదు. పశువులను విడువరాదు. తవ్వరాదు, దున్నరాదు. అక్కడి వస్తువును కదిలించరాదు. గడ్డి ఉన్నచో జానెడు ఎత్తు మించరాదు. దీని నకలు తాలూకా కచేరీకి పంపినాము.

తమరు జొన్న విషయం ప్రస్తావించినారు. షరతులలో జొన్న అను మాట లేనందున దానిని గడ్డిగా పరిగణించినాము.

ఇట్లు,
గిద్యోను
గుమాస్తా

అదనపు మాట: జొన్న ఎంత ఎత్తు పెరుగునో పై అధికారి గారు అడుగుచున్నారు. వారు పుట్టింది, పెరిగింది పట్నంలోనే. రొట్టెగా మాత్రమే ఎరుగుదురు.



నారాయణఖేడ్,
మార్గశిర శుద్ధ త్రయోదశి.

గిద్యోను గారికి మొగులప్ప మిక్కిలి ఆందోళనతో వ్రాయునది.

మా జొన్న మనిషిని మించి పెరుగుతుంది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. దానిని జానెడు ఎత్తున ఆపే ఉపాయం నా వద్ద లేదు, దఫ్తరులో ఉంటే పంపండి.

అయ్యా, ఈ చేను మా ఇంటికి ఏడాది తిండి. ఇది పోతే మేము ఇంకొకరి గడప తొక్కాలి. మీ నకలు ఇక్కడికి చేరిన రోజే నాలుగు మూలలా ఎర్ర జెండాలు పాతారు. ఇది సైన్యం సొత్తు అని ఉర్దూలో ఒక బోర్డు నిలబెట్టారు. పిట్టలను తోలడానికి నన్ను కూడా లోపలికి రానివ్వడం లేదు. గట్టు మీద నిలబడి అరుస్తున్నాను. పిట్టలకు అనుమతి కాయితం అడిగేవాడు ఎవడూ లేడు.

ఊరివారు నా బాధ పంచుకొంటారనుకొంటే, వారు పండుగ చేసుకొంటున్నారు. కిష్టప్ప కొబ్బరికాయలు తెచ్చి ఉంచాడు. విమానానికి బొట్టు ముక్కుకు పెట్టాలా, రెక్కలకు పెట్టాలా అని రెండు జట్లుగా చీలి వాదులాడుకొంటున్నారు. నాగల్‌గిద్ద వారు వచ్చి, మాకంటే ముందు వంతు మీకెట్ల వచ్చిందని పోట్లాడి, అంబలి తాగి పోయారు.

నా చేను విమానాలకు పనికిరాదని మనవి చేస్తున్నాను. నిన్న మరొకసారి చూడగా, ఈశాన్య మూలన గట్టు లోపలి వైపు ఒక పెద్ద రాయి ఉన్నది. నేను అబద్ధం వ్రాయను గనుక చెబుతున్నాను: అది నిన్న తెల్లవారే సరికి లేదు. నేనూ కిష్టప్పా కలిసి గట్టు మీది నుంచి దొర్లించాము. అయినా ఇప్పుడు ఉన్నది. దయచేసి దీనిని చేను లోపంగా నమోదు చేసి, చేను నాకు విడిపించగలరు.

మీ దయ కోరే,
మొగులప్ప

మరచిన సంగతి: విమానం దిగేటప్పుడు చప్పుడు చేస్తుందా అని కాశమ్మ అడుగుతున్నది. ఆమె కోడి పొదుగు మీద ఉన్నది. "పిల్లలు లేసేదాంక ఆగుమని రాయి మొగులా, ఇమానానికేం తొందరున్నది" అన్నది.



యుద్ధ వార్తల దఫ్తరు, తెలుగు విభాగం,
హైదరాబాదు.
మార్గశిర బహుళ సప్తమి.

శ్రీ మొగులప్ప గారికి,

తమరు మైదానం ఈశాన్య మూలన రాయి వేసిన సంగతి చదివి పై అధికారి గారు అమితంగా సంతోషించారు. ఎవరూ అడుగకముందే, శుభమైన మూల చూసి, తమ చేతులతోనే శంకుస్థాపన చేసినందుకు దఫ్తరు తరఫున అభినందనలు. ఈ వార్త మా దఫ్తరు పత్రిక వచ్చే సంచికలో అచ్చు అగును.

కొబ్బరికాయల విషయం కూడా పైకి తెలిపినాము. బొట్టు ముక్కుకే పెట్టవలెను. రెక్కల మీద వేరే గుర్తులు ఉండును.

దళం వచ్చే రోజు రహస్యం. కావున ఆ రోజుకు ముందు పంట కోయుటకు అనుమతి ఇచ్చినచో రహస్యం బయటపడును. తరువాత కోయుమన్నను బయటపడును. రెండింటి మధ్య ఏదైనా దారి ఉన్నదేమో ఆలోచించుచున్నాము.

ఇట్లు,
గిద్యోను
గుమాస్తా

అదనపు మాట: ఇది దఫ్తరు మాట కాదు, నా సొంత మాట. మొగులప్పన్నా, నేను మెదక్ దగ్గరి పల్లెవాణ్ణి. మా అమ్మ లిదియా ఇప్పటికీ మంది చేలల్ల జొన్న కోస్తది. మీ మనవిని ఉన్నది ఉన్నట్టు పైకి పెడితే, యుద్ధానికి అడ్డు తగిలెటోళ్ల ఫైలులకు పోతది. అందుకే శంకుస్థాపన అని నేనే రాసిన. ఇంకొక రాయి మాత్రం వెయ్యకండి. గది కూడ వేస్తే గోడ కట్టుతున్నరు అనుకుంటరు.



నారాయణఖేడ్,
పుష్య శుద్ధ దశమి.

తమ్ముడు గిద్యోనుకు మొగులప్ప ఆశీస్సులతో.

నీ చివరి మాటలు చదివి ధైర్యం వచ్చింది. దఫ్తరులో ఒక మనిషి ఉన్నాడని తెలిసింది.

జొన్న కంకి వేసి, గింజ గట్టిపడింది. ఇటువంటి పంట నేను నా ఎరుకలో చూడలేదు. రోజూ గట్టు మీద నిలబడి కంకులు లెక్క వ్రాసుకొని వస్తున్నాను. మణెమ్మ నాతో మాట మానేసింది. చెప్పాలనుకొన్నది ఏదైనా ఉంటే ఎదురుగా ఉన్న గోడకు చెబుతున్నది. నిన్న గోడతో, "గీ మనిషికి ఆకలైతే పట్టిక రాసుకొని తినుమను" అన్నది.

ఊరిలో కూడా గాలి మారింది. విమానం ఇంతవరకు రాకపోవడానికి కారణం నేనేనని కిష్టప్ప అరుగు మీద అన్నాడు. "జొన్న గింత ఎత్తుంటే గదెట్ల దిగుతదన్నా? పైన తిరిగి తిరిగి ఎల్లిపోయిందో ఏమో! కోసెయ్యరాదు?" అన్నాడు. కోస్తే జైలన్నాను. "కొయ్యకపోతే మా వంతు పాయె" అన్నాడు. మనూర్ వారు తామిచ్చిన జొన్నలు తిరిగి ఇవ్వుమని కబురు పంపారు. జర్మనీ మీద పడినవాటిని నేనెక్కడి నుంచి తేవాలి?

ఇంకో పక్షం దాటితే గింజ రాలుతుంది. ఎవరి కాళ్లు పట్టుకొంటావో, ఏ కాయితం మీద ఏ కాయితం పెడతావో నాకు తెలియదు. నా చేను నాకు ఇప్పించు.

ఇట్లు నీ అన్న,
మొగులప్ప

మరచిన సంగతి: కాశమ్మ కోడి పిల్లలు లేచాయి. విమానం ఇక రావచ్చునని చెప్పుమన్నది. నేను చెప్పడం లేదు.



హైదరాబాదు,
మాఘ శుద్ధ చవితి.

మొగులప్పన్నకు గిద్యోను దండాలు.

అన్నా, గెలిచినం! ఈ ఉత్తరం దఫ్తరు భాషల రాసే ఓపిక లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

నీ ఉత్తరం పట్టుకొని పై అధికారి గదికి పోయిన. ఆయన నారాయణఖేడ్ మైదానం సిద్ధంగున్నదని తన పై అధికారికి రాసిండు. ఆయన ఇంకో పై ఆయనకు రాసిండు. అట్ల పోయి పోయి ఆ కాయితం అసలు దళం నడిపే దొర దగ్గర పడ్డది. ఆ దొర జవాబు రెండే ముక్కలు రాసిండు: "నారాయణఖేడ్ పేరు మేము వినలేదు. మాకు వంతులు లేవు, యుద్ధం ఉన్నది." అదే కాయితం అన్ని బల్లలు దిగి మళ్ల మా బల్ల మీదికొచ్చింది. దళం మీ దిక్కు వచ్చే మాట ఎన్నడూ లేదంట. నువ్వు వంతు ఎప్పుడని అడిగితే, రమ్మని పిలిచినవని మా సారు అనుకున్నడు. నేను తర్జుమా చేసి చెప్పినప్పుడు ఆయన తల ఊపిండు; ఆయనకు సమజైందనుకున్న.

ఇగ నీ చేను నీదే. రద్దు హుకుం తయారైంది, సంతకం కూడ అయింది. సోమవారం టపాల తాలూకా కచేరీకి పంపుతున్న. జెండాలు, బోర్డు పీకేస్తరు. వదినతోని చెప్పు, ఇగ నీతోనే మాట్లాడుమను.

నీ తమ్ముడు,
గిద్యోను

అదనపు మాట: శంకుస్థాపన వార్త అచ్చయింది. నీ పేరు తప్పు పడ్డది, రాయి సంగతి సరిగనే ఉన్నది.



నారాయణఖేడ్,
మాఘ శుద్ధ అష్టమి.
అత్యంత జరూరు.

చిరంజీవి గిద్యోనుకు అన్న మొగులప్ప వ్రాయునది. ఈ ఉత్తరాన్ని మోటారు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఇది చదివిన మరుక్షణం ఆ రద్దు హుకుంను ఆపు. టపా సంచిలో వేసి ఉంటే తీసివేయి. సంచి కుట్టి ఉంటే విప్పు.

కారణం చెబుతాను. పోయిన వారం కచేరీ వారికి భయం పట్టుకొన్నది. జొన్న నిలబడి ఉండగా దళం వచ్చి దిగితే, మాట తమ మీదికి వస్తుందని ఊరంతా దండోరా వేయించారు. మీ షరతు ప్రకారం గడ్డిని జానెడు మిగిల్చి కోయుమన్నారు. కిష్టప్ప మొదలు కాశమ్మ వరకు, వంతు కోసం ఎదురుచూసినవారంతా కొడవళ్లతో వచ్చి పడ్డారు. ఒక్క రోజులో కోశారు, కొట్టారు, తూర్పారబట్టారు. కూలి కూడా అడగలేదు. జొన్నలు మా ఇంటికే చేరాయి. నేను వాటిని పట్టికలో "మైదానం నుంచి తొలగించిన అడ్డంకి" అని వ్రాసుకొన్నాను.

మరునాడే లేవీ ధాన్యం వసూలు చేసే గిర్దావర్ గోనె సంచులతో ఊరిలో దిగాడు. యుద్ధం పేరు చెప్పి ఈ ఏడు ప్రతి ఇంటి ధాన్యంలోనూ సర్కారు పాలు కొలుచుకొని పోతున్నారు కదా. తినడానికి మిగిలిందా లేదా అని చూడరు. కిష్టప్ప ఇంట్లో సగం పోయింది. అతని ఇంట్లో ఏడుపు మా ఇంటికి వినబడింది. తరువాత గిర్దావర్ మా వాకిట్లోకి వచ్చాడు.

నేను లేచి నిజం చెప్పబోయాను. అప్పటికే మణెమ్మ, నాతో చెప్పకుండా, చేలోని బోర్డు పీకి తెచ్చి జొన్నల గుమ్మికి ఆనించి ఉంచింది. నాలుగు జెండాలలో ఒకటి గుమ్మి మీద గుచ్చి ఉన్నది. గిర్దావర్ బోర్డు చదివి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"ఈ జొన్నలు ఎవరివి?" అన్నాడు.

"ఇమాన దళానియి" అన్నది మణెమ్మ.

"దళం ఎక్కడున్నది?"

"చెప్తే నేరం."

"ఇక్కడ లేదు కదా?"

"లేదని చెప్తే గూడ నేరమే. మా ఇంటాయనను అడుగు, కాయితం ఉన్నది."

నేను నీ మొదటి రెండు ఉత్తరాలూ తీసి చూపించాను. అతడు చదివాడు. చెప్పులు విప్పి, గుమ్మికి ఒక సలాము చేసి పోయాడు. మణెమ్మ ఆ సాయంత్రం నాతో మాట్లాడింది. "జెర జరుగు" అన్నది. రెండు నెలల తరువాత విన్న మొదటి మాట అది.

కావున, తమ్ముడూ, దళం మాకు రావద్దు. కానీ వచ్చేటట్లే ఉండాలి. ఈ యుద్ధమో, లేవీయో, రెండింటిలో ఏదో ఒకటి ముగిసేదాకా రద్దు హుకుం నీ బల్ల సొరుగులో ఉండనీ. మీ దఫ్తరు దళం చరిత్రను అచ్చు వేసేటప్పుడు, "నారాయణఖేడ్‌లో దళం ఉన్నదీ లేనిదీ చెప్పుట నేరము" అని ఒక్క వాక్యం చేర్పించు. అందులో అబద్ధం లేదు. ఎన్ని కష్టాలు వచ్చినా నేను అబద్ధం వ్రాయను.

ఊరివారు కూడా ఇప్పుడు వంతు మాట ఎత్తడం లేదు. ఒక్క మైదానం దళానికి చాలదని అందరి అభిప్రాయం. కిష్టప్ప తన కంది చేను మీదుగా విమానం తిరగడానికి చోటు ఇస్తానన్నాడు. మనూర్ వారు తమ నెర్రెలు పూడ్చివేశామని కబురు పంపారు. సిర్గాపూర్ వారు రాళ్లు ఏరుతున్నారు. నాగల్‌గిద్దలో తెలుగువాడూ కన్నడిగుడూ రాజీపడి, ఆ మైదానం తమలో ఎవరిదీ కాదనీ మొదటి నుంచీ దళానిదేననీ కలిసి వ్రాసిచ్చారు. వారందరి భూముల పట్టిక దీనితో పంపుతున్నాను. ఈసారి దేనిలోనూ ఒక్క వంక లేదు. అన్నిటినీ సైన్యం కింద చేర్పించు.

దళం నిండు నూరేండ్లు ఎగరాలని, ఇటువైపు మాత్రం దిగరాదని కోరుకొనే,
నీ అన్న,
మొగులప్ప

మరచిన సంగతి: పట్టికలో చివరి పేరు చూసి ఆశ్చర్యపడవద్దు. అది మా లేవీ గిర్దావర్‌దే. నిన్న ఒంటరిగా వచ్చి, పక్క తాలూకాలో బావమరిది పేరు మీద తనకు కొంత జొన్న ఉన్నదని చెప్పాడు. "నువ్వే గిర్దావర్‌వి గదా, నీకేం భయం?" అన్నాను. "గక్కడికి వేరే గిర్దావర్ వస్తడన్నా, వాడు మంచోడు కాదు" అన్నాడు.